కోపమొస్తేనే మోగే చప్పుడు

"భ్రమ ఎవరికండీ?"

ముందు కారు తలుపు ధడాలున పడిన చప్పుడు, దాని వెనక ఈ ప్రశ్న, ఆఖరున మనిషి. ఆ వరసలో ఆమె షెడ్డులోకి వచ్చింది. లోపల ఒక వ్యాను కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మొహం దొరికేదాకా ఆగే ఓపిక లేక ఆమె ఆ కాళ్ళతోనే పోట్లాట మొదలుపెట్టింది.

"మిమ్మల్నే! మా బాబాయికి ఫోన్ చేసి ఏం చెప్పారు?"

కాళ్ళు కదిలాయి. మెకానిక్ పాకుతూ బయటికొచ్చాడు. చెంప మీద గ్రీజు మరక. ఆమెను చూసి గబుక్కున లేవబోయి వ్యాను బంపరుకు తల కొట్టుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు.

"కారులో ఏ చప్పుడూ లేదని చెప్పానండీ."

"అంతేనా?"

"మేడంగారికి అలా అనిపించి ఉండొచ్చని..."

"అనిపించి ఉండొచ్చు! నాకేమైనా చెముడా, చిత్తభ్రమా? మొన్న మీరు నడుపుతుంటే నేను పక్కనే ఉన్నాను కదా. నీళ్ళ ట్యాంకు మలుపులో తోపుడు బండి అడ్డొస్తే నేనే బ్రేకు తొక్కాను. అప్పుడు ఠక్కుమంది. 'ఇదిగో' అన్నానా లేదా?"

"అన్నారండీ."

"మరి విన్నారా లేదా?"

అతను చేతిలో ఉన్న గుడ్డముక్కను ఇటూ అటూ తిప్పాడు. "లేదండీ" అన్నాడు, గుడ్డకేసి చూస్తూ.

ఆమె ఒంట్లో ఉన్న కోపమంతా తలకెక్కింది. వినబడినా పొగరుకొద్దీ ఒప్పుకోవడం లేదనుకుంది.

ఆమె డ్రైవింగ్ నేర్పే టీచరు. బాబాయి నడిపే స్కూల్లో రెండు కార్లున్నాయి. వాటిలో చిన్నది, ముసలిది ఆమెది. నేర్చుకునేవాళ్ళు ఎవర్నైనా గుద్దబోతే ఆపడానికి ఎడమ సీటు దగ్గర ఆమె కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీద ఆమె కాలు పడే తీరు చూసి స్టూడెంట్లంతా ఆమెకు 'బ్రేకు టీచర్' అని పేరు పెట్టేశారు. ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అది తప్పు. ఆమె కోపం కుడికాల్లో ఉంటుంది.

కొన్నాళ్ళుగా ఆ కారు ముందువైపు ఎక్కడో ఠక్కుమంటోంది. రోజూ కాదు. ప్రతి గుంతలోనూ కాదు. తలుపు మీద ఎవరో వేలితో ఒక్కసారి కొట్టి పారిపోయినట్టు. అప్పటికే ఇద్దరు మెకానిక్కులు చూసి పెదవి విరిచారు. ఈ మూడోవాడు మాత్రం, "చప్పుడు ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. అలా అడిగిన మొదటి మనిషి అతనే. ఆమె సంబరపడిపోయి నాలుకతో 'ఠక్' అని చేసి చూపించింది. "ఇంకోసారి" అన్నాడు. చేసింది. "ఇంకొక్కసారి" అన్నాడు. మళ్ళీ చేసింది. హమ్మయ్య, ఇతనైనా వింటాడని నమ్మింది. ఆ నమ్మకం వల్లే ఇప్పుడు ఇంత మంట. మిగతా ఇద్దరి మీదా ఇందులో పావలా వంతు కోపం కూడా రాలేదు.

"మీ ఫోన్ తర్వాత ఏమైందో తెలుసా?" అంది. "సోమవారం నుంచి నా సీట్లోకి ఇంకొకాయన వస్తున్నాడు. నేను ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాలి. లేని చప్పుళ్ళు వినే మనిషి పక్కన జనాన్ని ఎలా కూర్చోబెట్టమంటావ్ అన్నాడు మా బాబాయి."

మెకానిక్ మొహంలో రంగు మారింది. "సీటు తీసేస్తారా? నేను అలా అనుకోలేదండీ."

"మీరు అనుకోరు. అనేస్తారు అంతే!"

మళ్ళీ తలుపు ధడాలుమంది. గోడకు తగిలించిన స్పానర్లు కాసేపు ఊగాయి.

* * *

మర్నాడు పొద్దున టైలరు ఆవిడ క్లాసు. కుట్టు మిషను మీద కాలు ఆడించినట్టే యాక్సిలరేటరు మీదా ఆడిస్తుంది ఆవిడ. నీళ్ళ ట్యాంకు దగ్గర కుడి మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. టీచరు బ్రేకు తొక్కింది. ఠక్!

"విన్నారా? ఇప్పుడు విన్నారా లేదా?" టీచరు ఆవిడ భుజం పట్టుకుని ఊపేసింది.

"నాకు నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదమ్మా" అంది టైలరు ఆవిడ, ఏడుపు మొహంతో.

ఉన్న ఒక్క సాక్షీ ఇలా తేలిపోయింది. టీచరు పళ్ళు నూరుకుంటూ స్కూలుకు తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర మెకానిక్ నిలబడి ఉన్నాడు. శుభ్రంగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. అతను గొడుగు తెచ్చుకోలేదు.

"ఎందుకొచ్చారు? మా బాబాయికి ఇంకా చెప్పాల్సినవి మిగిలాయా?"

"ఒక్కటి అడగాలండీ. ఆ చప్పుడు మీరొక్కరే నడిపితే వస్తుందా?"

"రాదు."

"నేనొక్కడినే నడిపినా రాలేదు. లిఫ్టు మీద ఎత్తి అన్నీ ఊపి చూశాను, ఏదీ కదల్లేదు. మరి ఎప్పుడు వస్తుందండీ?"

"క్లాసులో వస్తుంది."

"అయితే నాకు క్లాసు చెప్పండి."

ఎగతాళి అనుకుని ఆమె అతని మొహంలోకి చూసింది. ఎగతాళి కనబడలేదు. తడిసిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు కనబడ్డాయి.

"ఎక్కండి" అంది కసిగా. "సీటు బెల్టు!"

"పెట్టుకున్నానండీ."

"అద్దం చూసుకున్నారా?"

"చూసుకున్నానండీ. జుట్టే కొంచెం..."

"అద్దం మీ అందం చూసుకోడానికి కాదు. వెనక ఎవరొస్తున్నారో చూడ్డానికి. మోచెయ్యి లోపల పెట్టండి, కిటికీ ఏమైనా బట్టలారేసుకునే తీగా? రెండో చెయ్యి గేరు మీంచి తియ్యండి. ఎవరండీ మీకు డ్రైవింగ్ నేర్పింది?"

"ఎవరూ నేర్పలేదండీ. అదే వచ్చింది."

"అదే వచ్చింది! జ్వరమా, అదే రావడానికి?"

అతను నవ్వు ఆపుకున్నాడు. ఆమె చూసింది. ఇంకాస్త మండింది.

ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగారు. చప్పుడు లేదు. ఇంకోసారి తిరిగారు. లేదు. పాపిష్టి కారు, కావాలన్నప్పుడు నోరు విప్పదు. వైపర్లు మాత్రం కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. మూడోసారి మలుపు దగ్గరికి వస్తుండగా ఆమె ఓపిక పూర్తిగా అయిపోయింది.

"ఇందాకణ్ణుంచీ చూస్తున్నాను. ఇండికేటరు ఏదండీ?"

"తిరగాలని నాకు తెలుసు కదండీ."

"మీకు తెలిస్తే సరిపోతుందా? పక్కవాళ్ళకి ఎలా తెలుస్తుంది? మనసులో అనుకుని తిరిగేస్తే ఎవరో ఒకరికి దెబ్బ తగులుతుంది. ముందే చెప్పాలి!"

అతను ఇండికేటరు వేశాడు. అది టిక్ టిక్ మంటోంది. కారు నెమ్మదిగా కుడికి తిరగడం మొదలుపెట్టింది.

"నిజమేనండీ. ముందే చెప్పాల్సింది" అన్నాడు. "మొన్న ఇక్కడే ఆ చప్పుడు వచ్చే ఉంటుంది. నేనే వినలేదు."

"చెవులెక్కడ పెట్టుకున్నారు?"

"చెవులు ఉన్నాయండీ. ధ్యాసే మీ మీద ఉంది. షెడ్డులో మీరు నాలుకతో చేసి చూపించారు చూడండి, అది ఎలాంటి చప్పుడో మొదటిసారికే నాకు అర్థమైంది. మిగతా రెండుసార్లూ... ఊరికే చేయించాను. బాగుందని. కారెక్కాక కూడా మీ మొహమే చూస్తున్నాను. 'ఇదిగో' అని మీరన్నాక గానీ ఈ లోకంలోకి రాలేదు. వినలేదని ఒప్పుకోడానికి సిగ్గేసింది. అందుకే లేదనేశాను."

ఆమెకు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నాలుకతో మూడుసార్లు చేయించాడు. లేదని ఫోన్ చేశాడు. తనది భ్రమ అనిపించుకుంది. సోమవారం నుంచి ఫోన్లు ఎత్తాలి. ఇంతా చేసి ఈ మహానుభావుడు ఆ వేళ తన మొహం చూస్తూ కూర్చున్నాడు!

ఆమె కుడికాలు తనంతట తానే వెళ్ళి బ్రేకు మీద పడింది.

ఠక్!

"వచ్చింది!" అని అరిచాడు మెకానిక్, లాటరీ తగిలినవాడిలా. "విన్నానండీ! మీ వైపే, ముందు చక్రం!"

"దిగండి కారు!"

"ఒక్కసారి, ఇంకొక్కసారి కోపం తెచ్చుకోండి, ప్లీజ్!"

"తెచ్చుకోవడమేంటి, పోతే కదా!"

కారు రెండడుగులు కదిలింది. కాలు మళ్ళీ పడింది. ఠక్! ఈసారి అతను ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి దిగి తడి రోడ్డు మీద పడుకుని చక్రం వెనక తల దూర్చాడు. ఆమె దిగి అతని పక్కనే నిలబడింది. ఆమె తిట్టడం ఆపలేదు, అతను వివరించడం ఆపలేదు.

"సిగ్గుందా మీకు?"

"లోయర్ ఆర్మ్ బుష్షండీ. చక్రాన్ని పట్టుకునే కడ్డీ చివర రబ్బరు. లోపల చిరిగింది."

"నా పని పోతోందండీ ఇక్కడ!"

"లిఫ్టు మీద చక్రం వేలాడితే చిరుగు మూసుకుపోతుంది, అందుకే కనబడలేదు. ఎడమ సీట్లో మనిషి, కుడి మలుపు, గట్టి బ్రేకు. మూడూ కలిస్తేనే మోగుతుంది."

"పైగా బాగుందిట, బాగుంది! నేనేమైనా సర్కస్సా?"

"మీకు కోపమొస్తేనే మోగుతుందండీ ఇది." తల బయటికి తీసి ఆమెను చూశాడు. మొహమంతా బురద. "మీ బాబాయిగారికి నేనే చెప్తాను."

"ఏం చెప్తారు?"

"చప్పుడు ఉందని."

"మరి అప్పుడు లేదని ఎందుకన్నావని అడిగితే?"

అతను మొహం మీది బురద తుడుచుకున్నాడు.

"అదీ చెప్పాలి. మొత్తం చెప్పాలి. ఒక్క ముక్క మింగినా ఊరుకోను!"

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు అప్పుడు తట్టలేదు. సాయంత్రం ఇంట్లో కాఫీ కలుపుకుంటుంటే తట్టింది. చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

* * *

ఆదివారం పొద్దున ఆఫీసులో బాబాయి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అన్నగారి కూతుర్ని చిన్నప్పటి నుంచి సొంత బిడ్డలా పెంచిన మనిషి. కారు నడపడమూ ఆయనే నేర్పాడు. అందుకే ఆయన నమ్మకపోవడం ఆమెకు అంత గుచ్చుకుంది.

మెకానిక్ పేపరు పరిచి, దాని మీద నల్లటి రబ్బరు ముక్క పెట్టాడు. వేళ్ళతో వంచగానే లోపల చిరుగు నోరు తెరిచింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇదా? ఇది పూర్తిగా ఊడిపోయి ఉంటే?"

"చక్రం పట్టు తప్పేదండీ. మేడంగారు మొదటి రోజు నుంచీ చెప్తున్నదే నిజం."

"మరి లేదని ఫోన్ చేశావేంటయ్యా నాకు?"

టీచరు గబుక్కున అడ్డుపడింది. "బాబాయ్, అదిప్పుడెందుకు, బుష్షు మార్చేశారుగా..."

"లేదండీ" అన్నాడు మెకానిక్ ఆమె వైపు తిరిగి. "మొత్తం చెప్పమన్నది మీరే."

చెప్పేశాడు. నాలుక చప్పుడు దగ్గర నుంచీ అన్నీ, ఒక్క ముక్క మింగకుండా. చెవులు ఎర్రగా కందిపోయాయి కానీ గొంతు తడబడలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. బయట చూడ్డానికి ఏమీ లేదు, గోడ తప్ప.

బాబాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతులో కోపం ఉంది.

"అంటే, నేను పెంచిన పిల్ల మాట కాదని నీ మాట నమ్మాను. నీ మాట వెనక ఉన్నదేమో ఇదా!" ఆయన ఆమె వైపు తిరిగాడు. కోపం సగం తగ్గింది. "తప్పు నాదమ్మా. నిన్ను అడగాల్సింది పోయి నీ గురించి వేరేవాళ్ళని అడిగాను. ఆ వచ్చేవాణ్ణి రావద్దంటాను. ఆ సీటు నీదే."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"ఇక ఇతని సంగతి చెప్పు. ఏం చెయ్యమంటావ్? పొమ్మనమంటావా?"

"ఎక్కడికి పొమ్మంటావ్?" అంది ఆమె చప్పున. "ఈయన మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా రోజూ పొద్దున్నే క్లాసుకి రమ్మను. ఒక్క చేత్తో నడుపుతాడు. ఇండికేటరు వెయ్యడు. ఇలాంటివాళ్ళని రోడ్డు మీద వదిలేస్తామా?"

"తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందేంటి?"

"తొందరగా తగ్గే కోపం కాదు బాబాయ్."

బాబాయి ఆమెను చూశాడు, అతన్ని చూశాడు, రబ్బరు ముక్కను చూశాడు. మీసం చివర ఏదో కదిలింది.

"మీ పిన్నికి కూడా పెళ్ళికి ముందే మొదలైంది నా మీద కోపం" అన్నాడు పేపరు మడతపెడుతూ. "ఇంతవరకూ తగ్గలేదు. బాగానే ఉన్నాం. రమ్మను."

* * *

సోమవారం పొద్దున నీళ్ళ ట్యాంకు మలుపు. మెకానిక్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. మోచెయ్యి లోపలే ఉంది. ఎవరూ చెప్పకుండానే ఇండికేటరు వేశాడు. కారు కుడికి తిరుగుతుండగా టీచరు కాలు ధన్‌మని బ్రేకు మీద పడింది.

కారు ఆగింది. ఏ చప్పుడూ లేదు.

"ఎవరూ అడ్డు రాలేదు కదండీ, ఎందుకు తొక్కారు?"

"చూద్దామని. ఈసారైనా విన్నారా?"

"విన్నానండీ. ఏమీ లేదు."

"నిజంగా విన్నారా?"

"ఒట్టండీ. కారెక్కినప్పటి నుంచీ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా పక్కకి తిప్పలేదు."

టీచరు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అదేగా నా కోపం" అంది.