దర్జీగారి కుడి చెయ్యి

"మేడం, జర మీరే చెయ్యున్రి. గీ పిల్ల చేతులు మా బాపు చెయ్యి కంటే ఎక్కువ వణుకుతున్నయ్."

నాంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఆ ఆస్పత్రి ఫిజియోథెరపీ హాల్లో అందరికీ వినిపించేలా అన్నాడు ఆకాష్. అన్నవాడికి ఏమీ అనిపించలేదు గానీ, విన్న కీర్తి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఫైనలియర్ అమ్మాయి. పక్షవాతం వచ్చిన పేషెంటుకు తనంతట తాను వైద్యం చెయ్యడం ఆమెకు అదే మొదటిసారి.

హైందవి కదల్లేదు. రెండు చేతులూ తెల్లకోటు వెనక కట్టుకుని నిలబడి ఉంది. స్టూడెంట్ల క్లినికల్ పోస్టింగులు చూసే సూపర్‌వైజర్ ఆమె. స్టూడెంట్ పేషెంటును పట్టుకున్నాక సూపర్‌వైజర్ చేతులు వీపు వెనకే ఉండాలన్నది ఆమె నియమం. పేషెంటుకు ప్రమాదం అనుకుంటే తప్ప అవి ముందుకు రావు.

"కీర్తి చేస్తుందండి. నేను ఇక్కడే ఉంటాను," అంది.

"చేతులు కట్టుకోని నిలబడనీకి మీరెందుకు మేడం? నేను గూడ నిలబడ్త."

పక్క మంచం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. హైందవికి ఒళ్లు మండింది. అంత మంటలోనూ, ఈ మనిషికి చొక్కా ఎంత చక్కగా కుదిరిందో అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే ఇంకాస్త కోపం వచ్చింది.

చొక్కా కుదరక ఎక్కడికి పోతుంది? అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో వాళ్లకు తాతలనాటి సూట్ల దుకాణం ఉంది. ఆకాష్ తండ్రి రామచందర్ కత్తిరించిన కోటు వేసుకుంటే ఎంత బక్కపలచని పెళ్లికొడుకైనా దొరబాబులా కనిపించేవాడట. అలాంటి మనిషి కుడి చెయ్యి పక్షవాతంతో పడిపోయింది. మాట మిగిలింది, నడక కొద్దికొద్దిగా తిరిగివస్తోంది. చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంటోంది. రోజూ ఇంటినుంచి ఇక్కడికి వచ్చి వెళ్తున్నాడు.

ఆకాష్‌కి పని రాదని కాదు. కొత్త గుడ్డ మీద మొదటి కత్తెర ఇంటి పెద్దే వెయ్యాలన్నది ఆ దుకాణం పద్ధతి. తండ్రి కళ్లెదుట ఉండగా ఆ కత్తెర అందుకోవడానికి కొడుక్కి మనసొప్పలేదు. దాంతో కొత్త సూట్లు ఒప్పుకోవడం మానేశారు. పాత ప్యాంట్లు వదులు చేసుకుంటూ, చొక్కాల చేతులు పొట్టి చేసుకుంటూ కాలం వెళ్లదీస్తున్నారు.

ఆ రోజే ఆకాష్ వెళ్లి హెచ్‌ఓడీకి ఫిర్యాదు చేశాడు. హెచ్‌ఓడీ హైందవిని పిలిచి, గొడవెందుకు, ఆ అమ్మాయిని ఈ కేసు నుంచి తప్పించమన్నారు. తప్పిస్తే పోస్టింగ్ పూర్తికాదు, కీర్తి మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ పిల్ల ఇక జన్మలో పేషెంటును ధైర్యంగా పట్టుకోదు. హైందవికి అది తెలుసు. పోస్టింగ్ ముగిసేనాటికి ఆ చెయ్యి పనిలోకి రాకపోతే తన దగ్గరికి ఇక స్టూడెంట్లను పంపొద్దని చెప్పి బయటికి వచ్చింది. స్టూడెంట్లకు నేర్పడమంటే ఆమెకు ప్రాణం. ఆ ప్రాణాన్నే పందెం పెట్టింది.

బయట కీర్తి కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. నిజంగానే తన చేతులు వణికాయని ఒప్పుకుంది.

"వణికితే వణకనీ. పట్టు మాత్రం వదలకు," అంది హైందవి.

కీర్తి వదల్లేదు. మర్నాడు ఆకాష్‌ని అడిగి సూటు గుడ్డల ముక్కలు తెప్పించింది. కళ్లు మూసుకుని, ఏది ఉన్ని గుడ్డో ఏది కాటనో కుడి చేత్తో తడిమి చెప్పమంది. మామూలు ఎక్సర్‌సైజులకు విసుక్కునే రామచందర్, గుడ్డ తగలగానే మారిపోయాడు. ముడుచుకున్న వేళ్లు మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టాయి. హైందవి వెనక నిలబడి చూసింది. ఈ ఉపాయం తనకు తట్టలేదే అనుకుంది, అలా అనుకోవడం చాలా బాగుంది ఆమెకు.

కానీ ప్రతి సోమవారం వచ్చేసరికల్లా ఆ చెయ్యి మళ్లీ కొయ్యలా బిగుసుకుపోయి ఉండేది. కారణమేమిటో హైందవి ఊహించింది. చెప్పేస్తే ఒక్క నిమిషం పని. చెప్పకుండా, సెలవు రోజైన ఆదివారం ఆ చెయ్యి ఏం చేస్తోందో కనుక్కోమని మాత్రం అంది.

కీర్తి కనుక్కుంది. అన్నం కలిపి పెట్టడం దగ్గరనుంచి గుండీలు పెట్టడం, తల దువ్వడం దాకా అన్నీ కొడుకే చేస్తాడని రామచందర్ మురిసిపోతూ చెప్పాడు. సాయంత్రం ఆకాష్ రాగానే కీర్తి ఎదురెళ్లి నిలబడింది.

"సార్, నేనిక్కడ గంటసేపు నేర్పేది, ఇంట్లో మీరు రోజంతా మరిపిస్తున్నరు. ప్రేమతోనే చేస్తున్నరు, కాదనను. కానీ ఆ చెయ్యికి మీరు పని లేకుండ చేస్తున్నరు."

ఆమె గొంతు వణికింది గానీ మాట తడబడలేదు. ఆకాష్ ముఖం మాడిపోయింది. ఈ పిల్లను కాస్త అదుపులో పెట్టమన్నట్టు హైందవి వైపు చూశాడు. హైందవి అతనికి వీపు పెట్టి కీర్తి వైపు తిరిగింది. అప్పుడు చూశాడతను, ఆమె వీపు వెనక చేతులు ఊరికే లేవు. గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

వరండాలోకి వచ్చాక ఆ చేతుల సంగతే అడిగాడు.

"వదిలేస్తే నేనే చేసేస్తానండీ," అంది హైందవి. "నేను చేస్తే మీ నాన్నగారి చెయ్యొక్కటే బాగవుతుంది. తను నేర్చుకుంటే ఇంకెందరి చేతులు బాగవుతాయో."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆకాష్ తండ్రి ముందు కంచం పెట్టి, అన్నం కలపకుండా ఎదురుగా కూర్చున్నాడు.

కొన్నాళ్లకు అబిడ్స్‌లో కాలం కాని కాలంలో వాన దంచికొట్టింది. బస్సుకోసం పోస్టాఫీసు చూరు కింద నిలబడిన హైందవి పక్కకు తడిసిన స్కూటర్ ఒకటి వచ్చి ఆగింది. దిగినవాడు ఆకాష్. పలకరింపులు లేవు, నేరుగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇవాళ బాపు మొత్తం అన్నం తనే తిన్నాడట. చొక్కా నిండా పప్పేనట. మొదట్లో ఆకాష్ అది చూస్తూ కూర్చోలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవాడట.

"ఏడ్చారా?" అంది హైందవి.

"ఏడ్వలే. ఉల్లిగడ్డలు కోసిన."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి ఆకాష్ చెప్పాల్సిన తర్వాతి మాట మరిచిపోయాడు. వాన తెరిపి ఇచ్చాక, పక్కనే హోటల్లో చాయ్ తాగుదామా అని అడిగాడు.

"మీ నాన్నగారి ట్రీట్‌మెంట్ అయ్యేదాకా మీరు పేషెంటు తాలూకు మనిషి. నేను సూపర్‌వైజర్‌ని."

"అయినంక?"

"అయ్యాక చూద్దాం," అని ఆమె బస్సెక్కేసింది. బస్సు కోఠి దాటిపోయాక తెలిసింది, తను వెళ్లాల్సింది హిమాయత్‌నగర్ అని.

అప్పటినుంచి తండ్రి చేత ఎక్సర్‌సైజులు చేయించడంలో ఆకాష్‌ని మించినవాడు లేడు. ఎక్కువ మెతుకులు కింద పడేస్తే కూడా ఊరుకోవడం లేదని, వీడికి ఈమధ్య ఏదో అయిందని రామచందర్ కీర్తికి ఫిర్యాదు చేశాడు. కీర్తి హైందవి ముఖంలోకి చూసింది. హైందవి గోడమీది క్యాలెండర్‌లోకి చూసింది.

పోస్టింగ్ చివరి రోజు హెచ్‌ఓడీ స్వయంగా వచ్చి కూర్చున్నారు. బల్లమీద నీలం సూటు గుడ్డ పరిచారు. దాని మీద సుద్దగీత, పక్కనే దుకాణం నుంచి తెచ్చిన బరువైన కత్తెర. రామచందర్ దాన్ని అందుకున్నాడు. కీర్తి మోచేతి కింద చెయ్యి వేసి పట్టుకుంది, తర్వాత మెల్లగా తీసేసింది.

కత్తెర కొంచెం దూరం కదిలి ఆగిపోయింది. వేళ్లు బిగుసుకున్నాయి. కీర్తి ఒక్కసారి హైందవి వైపు చూసింది. హైందవి ఏ సైగా చెయ్యలేదు. ఈ క్షణం ఆ అమ్మాయిది, దాన్ని తను తీసుకోకూడదు.

కీర్తి ఆయన చెవి దగ్గరకు వంగింది. "అంకుల్, భుజం పైకి గుంజుతున్నరు. కిందికి వదలండి. ఇప్పుడు వేళ్లు తెరవండి, మెల్లగా."

భుజం దిగింది. వేళ్లు తెరుచుకున్నాయి. కర్‌మంటూ కత్తెర గుడ్డను కోసుకుంటూ చివరిదాకా వెళ్లింది.

రామచందర్ ఆ ముక్కను ఎత్తి వెలుతురులో పట్టుకుని చూశాడు. "వంకర పోయింది. గిట్ల కోసెటోణ్ని నేను దుకాణంల ఉంచుకోను," అన్నాడు, కళ్లనీళ్లు చెంపలమీదికి కారుతుంటే.

ఆకాష్ నేరుగా కీర్తి దగ్గరకు వెళ్లి, మొదటి రోజు అన్నమాటకు తప్పయిందని రెండు చేతులూ జోడించాడు. పిల్ల ఎంత పొడుగైపోయిందో అనుకుంది హైందవి. తను కాలేజీ ఫస్టొచ్చినప్పుడు కూడా ఇంత గర్వపడలేదు. ఏడుపు వచ్చేలా ఉంటే, మొహం కడుక్కోవాలని చెప్పి హాలు దాటింది.

ట్రీట్‌మెంట్ అయింది. చాయ్‌లు అయ్యాయి, లెక్కపెట్టనన్ని. నాంపల్లి హోటల్లో ఒక సాయంత్రం, నువ్వు లేకుండా నాకు బుద్ధి వచ్చేది కాదని ఆకాష్ అన్నాడు. ఇప్పుడు వచ్చిందని ఎవరన్నారని హైందవి అడిగింది. ఇంట్లో చెప్పడానికి ఆ ఒక్క మాటా చాలింది వాళ్లకు.

ఒక ఆదివారం తండ్రీ కొడుకులు హిమాయత్‌నగర్ వచ్చారు. హైందవి తండ్రి అమరేశ్వరరావుగారు రిటైరైన బ్యాంకు మేనేజరు. తమ తాతలది గుడివాడ వైపని, మీ పద్ధతులు వేరు, మా పద్ధతులు వేరని మర్యాదగానే చెప్పి, ఆలోచించుకుని కబురు చేస్తామన్నారు.

రామచందర్ తలూపి, జేబులోంచి ఇంచ్ టేపు తీశాడు. "ఆలోచించుకోండి సార్. కొలతలు మాత్రం తీసుకోనియ్యున్రి. దవాఖాన నుంచి వచ్చినంక నా మొదటి కోటు మేడంగారి నాయనకే కుట్టాల్నని అనుకున్న. పెండ్లి అయినా, కాకున్నా."

కాదనడానికి తోచక అమరేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. ఆ కుడి చెయ్యి టేపు కొస పట్టుకుని, వణుకుతూ, ఆయన భుజం మీదికి నెమ్మదిగా ఎక్కింది. ఆయన అసహనంగా కదలబోయారు.

"నాన్నా, కదలకండి," అంది హైందవి. "అది నా స్టూడెంట్ బాగుచేసిన చెయ్యి."

ఆయన కూతురి ముఖం చూశారు. ఇంత గర్వంగా ఆమె మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. నిటారుగా నిలబడి, ఛాతీ కొలతకు వీలుగా రెండు చేతులూ ఎత్తారు. టేపు చుట్టూ తిరిగి వచ్చేదాకా ఓపిగ్గా ఆగారు.

"శ్రావణంలో మంచి ముహూర్తాలున్నాయి బావగారూ," అన్నారు చేతులు దించకుండానే. "కోటు అప్పటికి ఇవ్వగలరా?"