కూర్మమ్మ ఎడమచెయ్యి

విజయనగరంలో గంటస్తంభం దాటి బజారులోకి దిగితే స్టీలు సామాన్ల కొట్లు వరసగా ఉంటాయి. అందులో ఒకటి ప్రమోద్, సింధూరి దంపతులది. ఇద్దరిదీ అని ఎందుకు చెప్పాలంటే, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది సింధూరే. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే మధ్యాహ్నం భోజనానికి లేవడానికి కూడా ఉండదు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఐదేళ్ళది. నాయనమ్మ పేరు ధనలక్ష్మి అని పెట్టుకుని, ధన్ను అని పిలుచుకుంటారు. ధన్ను బడి మూడున్నరకి వదిలేస్తారు. ఆ వేళకి కొట్టు వదిలి వెళ్ళేదెవరు? అందుకని మధ్యాహ్నం పూట మాత్రమే వచ్చే పనిమనిషి కోసం వెతికారు. వచ్చి ఇల్లు తుడవాలి, గిన్నెలు తోమాలి, బడి వదిలే వేళకి వెళ్ళి పిల్లని తీసుకురావాలి, సింధూరి వచ్చేదాకా పిల్ల దగ్గర ఉండాలి.

అలా దొరికింది కూర్మమ్మ. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, పని నెమ్మది. సింధూరి అందరూ అడిగేవే అడిగింది. ఎక్కడుంటావు, పండగలకి ఎన్నాళ్ళు మానేస్తావు, పిల్లలంటే విసుగు లేదు కదా అని. ఇంతకుముందు చేసిన ఇంట్లో ఎందుకు మానేశావు అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే కూర్మమ్మ దాచేది కాదు.

పనికి వంక పెట్టడానికి లేదు. నేల అద్దంలా ఉండేది. ధన్ను కూడా ఆమెకి బాగా చేరువైంది. సింధూరికి రెండు విషయాలే నచ్చలేదు. బడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక, కూర్మమ్మకి అరగంట పట్టేది. అది ఒకటి. రెండోది ఆమె ఎడమచెయ్యి. ఎలాగూ ఒక చెయ్యి ఖాళీయే కదా, వచ్చేటప్పుడు రైతుబజారులో ఆకుకూరలు తీసుకురమ్మని సింధూరి సంచీ ఇచ్చింది. కూర్మమ్మ ఆ సంచీని భుజానికి తగిలించుకునేది, బరువు ఎక్కువైతే నెత్తిన పెట్టుకునేది. కుడిచేతిలో ధన్ను. ఎడమచేత్తో మాత్రం కొత్తిమీర కట్ట కూడా పట్టుకునేది కాదు.

ఒకరోజు సింధూరి బ్యాంకు పని చూసుకుని వస్తూ వాళ్ళని రోడ్డు మీద చూసింది. కూర్మమ్మ నడుస్తోంది. ధన్ను కుడిపక్కన గెంతుతోంది. ఎడమచెయ్యి ఒంటికి కాస్త ఎడంగా, కిందికి చాచి ఉంది. వేళ్ళు వదులుగా మూసుకుని ఉన్నాయి. నీళ్ళ గుంట వచ్చింది. కూర్మమ్మ ధన్నుని ఎత్తి దాటించినట్టే, ఆ ఎడమచేతిని కూడా పైకెత్తి దాటించింది. తర్వాత అటుపక్కకి వంగి ఏదో చెప్పింది. ఇంటికి వచ్చే దారి వదిలి, పక్క సందులోకి తిరిగింది. అక్కడ తాళం వేసి ఉన్న ఇల్లు ఒకటి ఉంది. పచ్చగేటు. ఆ గేటు ముందు ఆగి, చెయ్యి తెరిచి, కొంగుకి తుడుచుకుని వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి సింధూరి నిలదీసింది. కూర్మమ్మ ముందు ధన్ను ఎక్కడుందో చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

పచ్చగేటు ఇంట్లో ఝాన్సీ అనే ఆవిడ ఉండేది. ఆవిడ కొడుకు దేవేంద్ర, రెండో తరగతి, ఇదే బడి. అక్కడా ఇదే పని, తుడవడం, పిల్లాణ్ణి తేవడం. ఒకరోజు చుట్టాలు వస్తున్నారని ఝాన్సీ హాలంతా మళ్ళీ తుడిపించింది. గంట కొట్టేసుంటారమ్మా అని కూర్మమ్మ రెండుసార్లు అంది. ఆ సోఫా కింద కూడా తుడిచి వెళ్ళమంది ఆవిడ. పిల్లాడు బడి గేటు దగ్గర చూసి చూసి, తానే వెళ్ళిపోదామని రోడ్డు మీదికి దిగాడు. సాలూరు పోయే లారీ. కూర్మమ్మ ఆలస్యంగా వెళ్ళిందన్నారు అందరూ. ఎందుకు ఆలస్యమైందో ఝాన్సీ నోరు విప్పలేదు. నెల తిరక్కుండా ఇంటికి తాళం వేసి విశాఖపట్నం వెళ్ళిపోయారు.

"నాను పిలవలేదమ్మా," అంది కూర్మమ్మ. "బడి ముంగట నుంచి పోతంటే ఆడే వచ్చి సెయ్యి పట్టుకున్నాడు. రోజూ ఆ గేటు కాడికి తీసుకెళ్తే ఒగ్గీసి పోతాడు. పాపకి ఆడి ఊసు సెప్పలేదు. నాను మధ్యలోనే ఉంతాను."

సింధూరికి భయం కంటే ముందు కోపం వచ్చింది. చచ్చినవాళ్ళ కబుర్లు తెచ్చి తన పిల్ల పక్కన నడిపిస్తుందా? "నా కూతుర్ని తీసుకురావడానికి పెట్టుకున్నాను నిన్ను, ఊళ్ళో పిల్లల్ని తిప్పడానికి కాదు. రేపట్నుంచి రాకు," అంది.

కూర్మమ్మ తోమిన గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది.

"రానమ్మా. గానీ రేపు ఎవులు ఎల్లినా ఎడమసెయ్యి ఖాళీగా ఉంచాల. ఆడు పట్టుకుంటే ఒగ్గీకండి. సెయ్యి దొరక్కపోతే పోయి పాప సెయ్యి పట్టుకుంతాడు. ఆడికి రోడ్డు దాటడం తెల్దు."

రాత్రి అన్నం దగ్గర ఈ మాట చెబితే ప్రమోద్ నవ్వాడు. "ఒక జీతానికి ఇద్దరు పిల్లల్ని చూస్తోంది. అలాంటి మనిషిని ఎవరైనా మానిపిస్తారుటే?"

మర్నాడు వాయుగుండం. పొద్దుటి నుంచీ ముసురు. మూడున్నరకే సందెచీకటి పడినట్టుంది, వీధిదీపాలు ఇంకా వెలగలేదు. బడి గోడ పక్కన తడిసిన అట్టల వాసన, మురుగు వాసన. సింధూరి ధన్నుకి రెయిన్‌కోటు తొడిగి కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచేతిలో గొడుగు. ఖాళీగా ఉంచమన్న మాట గుర్తుంది. గుర్తుండే పట్టుకుంది.

గొడుగు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడంలేదు. పెద్దరోడ్డు అంచున ఆగారు. లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఎక్కడి నుంచో డీజిలు వాసన... చాలా దగ్గర నుంచి. నడుం ఎత్తు నుంచి.

ధన్ను చెయ్యి బిగుసుకుంది.

"ఏమైందే?"

"లాగుతున్నాడమ్మా..." పిల్ల గొంతు గుసగుసలా వచ్చింది.

ధన్ను అవతలి చెయ్యి రోడ్డువైపు తాడులా చాచుకుని ఉంది. ఒక కాలు అప్పటికే తారు మీద ఉంది. సింధూరి వెనక్కి లాగింది. రాలేదు. అవతల ఉన్నది పెద్ద బలమేమీ కాదు. ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్న చిన్నపిల్లాడి బలం. తడి నేల మీద చెప్పులు జారుతున్నాయి. హారను... దీపాలు... ఇంకా దగ్గరగా...

సింధూరి గొడుగు వదిలేసింది. ఎడమచెయ్యి గాల్లోకి చాచింది.

"ఇటు రా నాన్నా... ఇదిగో... నా చెయ్యి పట్టుకో..."

లారీ దాటిపోయింది. ధన్ను ఒక్కసారిగా వచ్చి ఆమె నడుముకి కొట్టుకుంది. అప్పుడు ఎడమ అరచేతిలోకి వేళ్ళు దూరాయి. చిన్నవి. నీళ్ళలో నానినట్టు మెత్తగా, చల్లగా. గోళ్ళ దగ్గర సుద్దపొడి గరగర.

గొడుగు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. సింధూరి దాని వంక చూడలేదు. తన గిన్నెలు తోమి, తన నేల తుడిచి, ఆపైన కూర్మమ్మ రోజూ ఈ చెయ్యి పట్టుకుని నడిచింది. తను ఆమె చేతికి సంచీ ఇచ్చింది. కూర్మమ్మకి ఫోను చెయ్యాలి. అందుకు ఒక చెయ్యి కావాలి. ఏ చెయ్యి వదలాలి?

పచ్చగేటు దగ్గర ఆగింది. "నీ ఇల్లు వచ్చింది నాన్నా," అంది. వాన నీళ్ళు తాళం మీంచి కారుతున్నాయి. చాలాసేపు నిలబడింది. వేళ్ళు వదల్లేదు. కాస్త సర్దుకుని, బొటనవేలు చుట్టూ ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

ఇక చేసేదేముంది? ఇంటికి నడిచింది. ఇద్దరి నడకకీ తగ్గట్టు నెమ్మదిగా నడిచింది. దారిలో ధన్ను తల పైకెత్తి వానలోకి చూస్తూ నడిచింది. మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డారు. తాళంచెవి భుజానున్న సంచిలో ఉంది.

"ధన్నూ," అంది సింధూరి, గొంతు మామూలుగా ఉంచుకోడానికి చూస్తూ. "నీ అవతలి చేత్తో అమ్మ సంచిలోంచి తాళంచెవి తియ్యమ్మా."

ధన్ను కదల్లేదు.

"ఆ చెయ్యి ఖాళీ లేదమ్మా."

సింధూరి ఎడమ అరచెయ్యి మెల్లగా నొక్కి చూసుకుంది. పిల్లాడున్నాడు. చల్లటి వేళ్ళు తిరిగి నొక్కాయి.

అప్పుడు కుడిపక్కకి తల తిప్పింది. ధన్ను రెండో చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది. రెయిన్‌కోటు చెయ్యి మోచేతిదాకా జారిపోయింది. బాగా పొడుగైన మనిషి ఎవరో పట్టుకున్నట్టు, పిల్ల మునివేళ్ళ మీద నిలబడి ఉంది. తల వెనక్కి వాల్చి, ద్వారబంధానికి కూడా పైన ఎక్కడికో చూస్తోంది.