అవెర్నో దారిలో పసుపు చుక్క

"నత్తా, వినిపిస్తోందా?"

చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. తోబియా లుబ్రానో పళ్లు కొరికాడు. సీక్రెట్ సర్వీసులో మిగతావాళ్లకి డేగ, పిడుగు, చిరుత లాంటి కోడ్ నేమ్స్ ఉన్నాయి. పేర్లు పంచినరోజు పంటినొప్పితో సెలవు పెట్టిన పాపానికి అతనికి మిగిలింది నత్త.

"వినిపిస్తోంది చీఫ్."

"ఎక్కడున్నావ్?"

"అవెర్నో సరస్సు గట్టున. ప్లాన్ ప్రకారమే."

"ప్లాన్ క్యాన్సిల్. హంసని చంపబోతున్నారు."

తోబియా అడుగు ఆగిపోయింది. హంస అంటే ఒడెట్టా. పురాతన కట్టడాల ఫొటోగ్రాఫర్ వేషంలో దేశాలు తిరిగే అందగత్తె. విదేశీ ముఠా నాయకుడు బ్రాండిస్‌కి కుడిభుజం. మూడేళ్లుగా ఆ ముఠా గుట్టు తోబియాకి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ కూడా ఆమే. నిన్న ఆమె బ్రాండిస్ దగ్గర ఒక "కీ" కొట్టేసింది. చూడటానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. నేల కదలికలు కొలిచే యంత్రాల చేత అబద్ధం చెప్పించగలదు. అగ్నిపర్వతం పేలబోతోందని ఒక్క దొంగ అలారం మోగిస్తే చాలు, ఈ తీరంలో జనమంతా ఒకేసారి రోడ్డెక్కుతారు. ఆ తొక్కిసలాటలో ఎవరు చచ్చినా బ్రాండిస్‌కి అనవసరం. వాడికి కావలసింది కాపలా లేని నౌకాదళం గోదాము.

ఇవాళ ఒడెట్టా ఆ కీ తెచ్చి, సరస్సు పైనున్న ద్రాక్షతోటల్లో గదిలా పైకప్పు, ద్వారం ఉన్న ఓ రోమన్ల నాటి నీటితొట్టిలో తోబియాకి ఇవ్వాలి.

"బ్రాండిస్‌కి తెలిసిపోయింది. రేడియో మెసేజ్ ఇప్పుడే పట్టుకున్నాం. తొట్టిలో నీ బదులు వాడు కూర్చున్నాడు" అన్నాడు చీఫ్.

"బ్యాకప్?"

"రెండు కార్లు పంపాను. ఇరుక్కున్నాయి."

"ఎక్కడ?"

"చర్చిలో పిల్లలకి జరిపే ఫస్ట్ కమ్యూనియన్ వేడుక విందుల్లో. మే నెల, పైగా ఆదివారం. రెస్టారెంట్ల ముందు రోడ్డంతా కార్లే. తెల్లగౌన్ల పిల్లల్ని నడిరోడ్డు మీద నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారట."

"సైరన్ వేయమనండి!"

"సైరన్ వింటే ఆ అమ్మాయిని కాల్చేసి పోతాడు."

"అయితే నేనే ఆమెకి ఎదురెళ్తాను."

"నీకు బుర్ర ఉందా? తొట్టి పైకప్పు కన్నంలోంచి దారి చీలిక మొత్తం కనిపిస్తుంది. వాడి దగ్గర టెలిస్కోప్ రైఫిల్ ఉంది. ఆమెతో నువ్వు ఒక్క మాట మాట్లాడితే ఇద్దరూ ఫినిష్. గుర్తు చెరిపెయ్. అంతే."

బ్రాండిస్ తన మనుషుల్ని ఫోన్లు పెట్టుకోనివ్వడు. అందుకే తోబియా, ఒడెట్టా ఒక గుర్తు పెట్టుకున్నారు. దారి చీలే చోట పాతిన నల్లటి లావా రాయి మీద పసుపు చుక్క ఉంటే ఎడమకి తిరగాలి, తొట్టికి. చుక్క లేకపోతే ప్రమాదం. కుడికి తిరిగి పాత రోమన్ కమాను కిందుగా జనంలోకి వెళ్లిపోవాలి. చుక్క నిన్ననే పెట్టాడు.

తోబియా పరుగెత్తాడు. అతనిది విదేశీ టూరిస్టు వేషం: ఎర్రగడ్డం, చెప్పుల్లో సాక్సులు, చేతికర్ర. కర్రలో ల్యాబ్ వాళ్లు రంగు చెరిపే స్ప్రే అమర్చారు. ఎండ మాడుతోంది. కొండ పగుళ్లలోంచి గంధకం వాసన. చెమటకి గడ్డం ఒక పక్క ఊడింది.

రాయి చేరాడు. చుక్క దాని కింది వైపు ఉంది, పైనుంచి కనపడదు. వంగి, స్ప్రే ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. చుక్క కరిగి కారిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు.

"ఏయ్! గుర్తు చెరుపుతున్నాడు, పట్టుకోండి!"

ఎవరిదో లావుపాటి చెయ్యి అతని కాలరు పట్టింది. వెనక ముప్పై నలభై మంది, అందరి మెడల్లో పసుపు స్కార్ఫులు. ముందు నిలబడ్డావిడ ఒక చేత్తో రంగు డబ్బా, రెండో చేత్తో బ్రష్ పట్టుకుని ఉంది. పొజ్జువోలి ఊరి నడక సంఘం అధ్యక్షురాలు దొన్నా రెస్తితూతా. ఊరంతా గౌరవంగా దొన్నా అని పిలిచే, మందుల షాపు నడిపి రిటైరైన మనిషి.

"నో అండర్‌స్టాండ్" అన్నాడు తోబియా, వేషం గుర్తొచ్చి.

"అండర్‌స్టాండ్ కానివాడివి చెరపడం ఎక్కడ నేర్చావయ్యా? నిన్న మా వాళ్లెవరో ముచ్చటగా పెట్టిన చుక్క! ఆ పక్కూరి బాకోలి వాళ్లు పంపారా నిన్ను?"

తోబియాకి విషయం అర్థమైంది. రోమన్లు వేసిన అసలు దారి ఎడమకి, తొట్టి మీదుగా పోతుందని పొజ్జువోలి సంఘం వాదన. కాదు, కుడికి కమాను కిందుగా పోతుందని బాకోలి సంఘం వాదన. ఏళ్ల తరబడి ఒకరి గుర్తుల మీద ఒకరు రంగు పూసుకుంటున్నారు. బాకోలి వాళ్లది నీలం. పొజ్జువోలి వాళ్లది ఆకుపచ్చ అని తోబియా లెక్క. ఈ నెల నుంచే వాళ్లు పసుపుకి మారారు. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి?

"చుక్క పెడితే చెరుపుతున్నారు కదూ? ఇదిగో, ఇప్పుడు చెరపమను" అంటూ దొన్నా రెస్తితూతా పళ్లెమంత పసుపు వలయం గీసి, ఎడమవైపుకి బారెడు బాణం కూడా వేసింది.

"వద్దు దొన్నా, దండం పెడతాను, వద్దు!"

"చూశారా! భాష వచ్చేసింది!"

అప్పుడే కమాను వైపు నుంచి నీలం టోపీల గుంపు దిగింది. ముందు ప్రొఫెసర్ అనియెల్లో స్కియానో, ఒకప్పుడు బళ్లో తోబియాకి పాఠాలు చెప్పిన రిటైర్డ్ లాటిన్ మాస్టారు, బాకోలి సంఘం అధ్యక్షుడు. తోబియా ప్రాణం లేచొచ్చింది. వీళ్లు పసుపుని క్షణం ఉండనివ్వరు.

"మాస్టారూ, నీలం పూసెయ్యండి! తొందరగా!"

ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఒరేయ్, నువ్వు లుబ్రానో కదూ? ఆ గడ్డమేంట్రా, ఎలక కొరికినట్టు?"

"మాస్టారూ, రంగు!"

"ఆగరా. రంగు పూయడం ఎంతసేపు? ముందు తప్పని నిరూపించాలి." జేబులోంచి కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాడు. రోమన్లు గుర్రపు బండిని ఎంత ఎత్తు ఎక్కించేవారో, ఎడమ దారి దానికి ఎందుకు పనికిరాదో! పసుపు వాళ్లు కేకలు, నీలం వాళ్లు చప్పట్లు. తోబియాకి ఏడుపొక్కటే తక్కువైంది.

ఒడెట్టా వచ్చేసింది. తెల్ల టోపీ, గోధుమరంగు గౌను, మెడలో కెమెరా. గుంపు పక్కనుంచి నడుస్తూ రాయి వైపు చూసింది. ఆ వలయం, ఆ బాణం చూసి పెదవి చివర చిన్న నవ్వు. తోబియాని చూడనట్టే తిరిగి, ఎడమ దారి పట్టింది.

నోరు తెరవడానికి లేదు. పైన తొట్టి కప్పు మీద టెలిస్కోప్ గాజు తళుక్కుమంటోంది. ఆమె తోటలో మలుపు తిరిగాకే ఆ మెరుపు ఆగింది. బ్రాండిస్ కిందికి దిగుతున్నాడు.

"ఒడెట్టా! వెళ్లకు!" తోబియా గొంతు చించుకున్నాడు. డెబ్బై ఎనభై గొంతులు రోమన్ల గురించి అరుస్తుంటే ఎవరికి వినిపిస్తుంది?

"వదలండి నన్ను! నేను ప్రభుత్వ ఏజెంటుని! పైన తుపాకీతో హంతకుడున్నాడు!"

"ఏజెంటువా? నువ్వా?" ప్రొఫెసర్ పడీ పడీ నవ్వాడు. "పరీక్షలో కాపీ కొట్టబోయి చిటికెలో దొరికినవాడివి. టైల్స్ కంపెనీలో పనని మీ అమ్మ నాతో చెప్పింది కదరా."

నిజం చెబితే నవ్వుతున్నారు. దేశం కోసం తనవాళ్లకి ఇన్నేళ్లూ చెప్పిన అబద్ధం ఇవాళ గొంతుకు అడ్డం పడింది. తోబియాకి ఒళ్లు మండింది. సరే, అబద్ధమే కావాలా?

"దొన్నా! ఇక్కడ ఒక్క రాయి కోసం గొంతు చించుకుంటున్నారు. తొట్టిలో వాళ్ల మనిషి గోడంతా నీలం పూసేస్తున్నాడు. నా కళ్లతో చూశాను!"

అటు తిరిగి, "మాస్టారూ, అబద్ధం. పూస్తున్నది పసుపు" అన్నాడు.

కాలరు మీద చెయ్యి వదిలింది. రెండు గుంపులూ తొట్టి వైపు కదిలాయి.

అమాయకుల్ని తుపాకీ మీదికి తోలుతున్నానని తోబియాకి తెలుసు. అందుకే అందరికంటే ముందు పరుగెత్తాడు. చెప్పు తెగింది. ద్రాక్షతీగెలు మొహానికి కొట్టుకున్నాయి. తొట్టి ద్వారం దగ్గర ఒడెట్టా లోపలికి అడుగు పెట్టబోతోంది. భుజం పట్టి పక్కకి లాగేశాడు.

లోపల చీకట్లోంచి బ్రాండిస్ వచ్చాడు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "ఇద్దరూ ఒకే చోట. చాలా సంతోషం" అన్నాడు.

తోబియా కర్ర ఎత్తి వాడి కళ్లలోకి స్ప్రే నొక్కాడు. తుస్సుమంది. ఉన్నదంతా రాయి మీదే అయిపోయింది. వాడు పిస్టల్‌ని తోబియా గుండెకి గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

"రంగు కొట్టే మెషినే తెచ్చుకున్నాడ్రా దొంగ వెధవ!" తోబియా భుజం మీదుగా రంగు డబ్బా దూసుకొచ్చింది. దొన్నా రెస్తితూతా ఆ పసుపు మొత్తం బ్రాండిస్ మొహాన కుమ్మరించి, ఖాళీ డబ్బా నెత్తిన బోర్లించింది. గురి తప్పిన గుండు పైకప్పుకి తగిలి మట్టి రాలింది. నీలం వాళ్లొచ్చి వాడి కాళ్ల మీద కూర్చున్నారు. అవకాశం పోకూడదని వాళ్ల రంగు కూడా పూశారు.

ప్రొఫెసర్ గోడలు చూశాడు. ఎక్కడా రంగు లేదు. కిందపడ్డ పిస్టల్ చూశాడు. "ఇది నిజం తుపాకీయేరా" అన్నాడు మెల్లగా. దొన్నా రెస్తితూతా అక్కడే కూలబడింది.

బయట ఒడెట్టా కెమెరా తెరిచి కీ తీసి ఇచ్చింది. తోబియా దాన్ని రాయి మీద పెట్టి, ఇంకో రాయితో పొడి చేశాడు. అవసరమైన దానికంటే ఎక్కువే కొట్టాడు.

"గుర్తు ఉందిగా, అందుకే వచ్చాను" అంది ఒడెట్టా.

"చెరిపాను. వీళ్లు మళ్లీ పెట్టారు."

"అంత పెద్దది చూసి, నన్ను చూడాలని నీకు తొందరెక్కువైందనుకున్నా."

"నవ్వకు. నువ్వు చచ్చిపోతావనుకున్నాను." చేతిలోని రాయి విసిరేశాడు. "అరిస్తే వినపడదు, చెబితే నమ్మరు. నా కళ్లముందే నువ్వు నడిచి వెళ్లిపోతున్నావు."

ఒడెట్టా నవ్వు ఆపింది. వేలాడుతున్న ఆ సగం గడ్డాన్ని మెల్లగా పీకి, చెమటలో తడిసిన అతని చెంప మీద చెయ్యి వేసింది.

ఇయర్‌పీస్ మళ్లీ గరగరలాడింది. "కార్లు సరస్సు దగ్గరికొచ్చాయి. వాణ్ణి కిందికి దింపండి."

తోబియా బ్రాండిస్‌ని లేపి నిలబెట్టాడు. సగం పసుపు, సగం నీలం.

"రండి, ఎడమ దారిన దిగుదాం. రోమన్లు ఖైదీల్ని అట్లాగే దింపేవాళ్లు" అంది దొన్నా రెస్తితూతా, లేచి నిలబడి.

"ఎవరు చెప్పారండీ? కమాను కిందుగానే" అన్నాడు ప్రొఫెసర్. కాగితాలు మళ్లీ బయటికొచ్చాయి. సంఘాలు రెండూ మళ్లీ చెరో పక్కా నిలబడ్డాయి.

ఎండ నెత్తికెక్కింది. బ్రాండిస్ మొహం మీద రంగు ఎండి పెచ్చులు కట్టింది. వాదన ఎడ్లబండి చక్రాల దాకా వచ్చేసరికి, ఏ ఇంటరాగేషన్‌లోనూ నోరు విప్పని ఆ ముఠా నాయకుడు తల పట్టుకున్నాడు.

"బాబూ, ఏదో ఒక దారిన తీసుకెళ్లండి. అన్నీ ఒప్పుకుంటాను. మా వాళ్లందరి పేర్లూ చెప్పేస్తాను."

దొన్నా రెస్తితూతా, ప్రొఫెసర్ స్కియానో ఒకేసారి వాడి వైపు తిరిగారు.

"నువ్వు నోర్మూసుకో. నీకేం తెలుసు దారి గురించి?"