పటం వెనక పేర్లు

…అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి కదా, అనుకుంటున్నాడు ఉపేంద్ర. మ్యాపు అచ్చు వేయాలంటే రాగిరేకు మీద ప్రతి అక్షరమూ వెనక్కి. లండన్‌లో ఏదో చలిగదిలో కూర్చుని, మూసీని ఎన్నడూ చూడనివాడు మూసీని వెంట్రుకంత సన్నగా గీశాడు. చెయ్యి వణకలేదు. నాకేమో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటేనే వణుకుతోంది.

చంకలో అట్టగొట్టం. అందులో నూట ఎనభై ఏళ్ల నాటి నిజాం రాజ్యపు మ్యాపు. అలాంటివి పోగుచేయడం అతనికి పిచ్చి. ఎల్బీనగర్‌లోని అద్దె గదిలో ఇప్పటికే పది వేలాడుతున్నాయి. ఇది పదకొండోది. దీంతో గోడలు అయిపోతాయి. గోడ లేకపోతే ఫ్రేముల దుకాణంలో పని లేదు, అంబికను చూడడానికి సాకు లేదు. చెప్పాలనుకున్నది ఈరోజే చెప్పాలి.

వాన మొదలైంది. పరుగున దుకాణంలోకి దూరాడు.

"సార్ వచ్చిండు బిడ్డా!" వెంకన్న పటానికి మేకు కొడుతూ కేకేశాడు అంబిక తండ్రి పాండురంగం. "మా దుకాణంల దేవుళ్లకు గూడ మీ పాత కాగితాలకున్నంత మర్యాద లేదు సార్. మ్యాపు ఫోన్ల ఉంటది గదా?"

"ఫోన్లో మ్యాపు కోసం ఎవరూ కళ్లు పోగొట్టుకోలేదండీ."

"అయితే గా కళ్లు పోయినాయనకు గూడ ఒక పటం కడుదాం, దండేసి," అంటూ వచ్చింది అంబిక. చేతులు కడుక్కుని, రెండుసార్లు తుడుచుకుంది. "ఇటియ్యండ్రి. రబ్బర్ ముట్టనులే."

ఇద్దరూ నవ్వారు. ఏడాది కిందట నవ్వలేదు. ఇలాంటి మ్యాపు కొన్నవాళ్లు వెనకవైపు పెన్సిల్‌తో తమ పేరు రాసుకుంటారు, ఒకరి కింద ఒకరు. అప్పుడు తెచ్చిన మ్యాపు మీద అంబిక అవి మరకలనుకుని రబ్బరుతో రుద్దేసింది. "ఆపండి!" అన్న అతని అరుపుకి బయట చెరుకురసం బండాయన కూడా తిరిగి చూశాడు. ఒక పేరు పోయి 'వాల్' అన్న ముక్క మిగిలింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికి వారం నిద్ర లేదు. పేరు పోయినందుకు కాదు.

"వాల్ సార్ మంచిగున్నడా?"

"మీ దయవల్ల సగమే ఉన్నాడు."

అంబిక మ్యాపు పరిచి, భూతద్దం తీసుకుని వంగింది. అద్దాన్ని అంగుళం అంగుళం జరుపుతూ చూసింది. కొండలన్నీ చీమకాళ్లంత గీతలు. వేల గీతలు. ఒక్కటి కూడా పక్కదాన్ని తాకలేదు.

"అమ్మో," అంది చివరికి, గుడిలో అన్నంత మెల్లగా. "గిదంత చేత్తోనా? మా తుర్కయంజాల్ ఏది?"

"లేదు."

"లేకపోవుడేంది? మా ముత్తాతలు గాడ్నే నాగలి కట్టిండ్రు."

"సైన్యం దిగే ఊళ్లు, దారి పక్క ఊళ్లు రాసుకున్నారంతే. ఇదిగో హయత్‌నగర్. ఈ గీత బందరు నుంచి వచ్చే దారి. మాది బందరే."

ఆమె వేలు కాగితానికి తగలకుండా దారి వెంట నడిచింది. బందరు దగ్గర మొదలై, కృష్ణ పక్కగా సాగి, హయత్‌నగర్ దగ్గర ఆగింది.

"అయితే మీ దారి మా ఊరి పక్క నుంచే వచ్చిందన్నట్టు."

ఇప్పుడు చెప్పు, అంది ఉపేంద్ర మనసు. అతను చెప్పింది వేరే. "ఈ అంచు తాకి చూడండి."

తన పటాల అచ్చు మీద అతను ఎవరినీ వేలు పెట్టనిచ్చింది లేదు. అంబిక అతని ముఖం చూసి, వేలికొన ఆనించింది. అంచు చుట్టూ సన్నని పల్లం.

"రాగిరేకు నొక్కిన గుర్తు అది. ఆ రోజు నొక్కింది."

"ఇంకా పోలేదా?" ఆమె వేలు తీయలేదు. పైన మెట్రో వెళ్లింది. గోడకి ఆనించిన అద్దాలన్నీ ఒక్కసారి సన్నగా మోగాయి.

తర్వాత పటాన్ని బోర్లించి ఫ్రేములో బిగించింది. వెనక నాలుగు పేర్లు, అన్నిటికన్నా కింద అతనిది. బ్రౌన్ పేపర్ కొలిచి కోసి, గమ్ డబ్బా తెరిచింది.

"ఇది అతికిస్తే పేర్లు మల్ల కనపడయి సార్. ఇంకో మ్యాపు ఎప్పుడు తెస్తరు?"

"గోడలు నిండిపోయాయి."

బ్రష్ గాలిలో ఆగింది. "అంటే ఇంక రారా?"

పాండురంగం సుత్తి చప్పుడు ఆగింది. వానే వినిపిస్తోంది. ఉపేంద్ర జేబులోంచి మెత్తని పెన్సిల్ తీశాడు. తన పేరు పక్కన, ఒక్కో అక్షరమూ చెక్కుతున్నట్టు, 'అంబిక' అని రాశాడు. 'క' కాస్త వంకర పోయింది. బల్ల మీది రబ్బరును ఆమె ముందుకు జరిపాడు.

"తప్పయితే చెరిపేయండి. ఈసారి అరవను."

అంబిక ఆ పేరును కొండల్ని చూసినంత సేపు చూసింది. రబ్బరును మేకుల డబ్బాలో పడేసి మూత పెట్టింది.

"నాయినా, సార్‌కు చాయ్ చెప్పు," అంది గట్టిగా. తర్వాత పేర్ల మీద బ్రౌన్ పేపర్ పరిచి, గొంతు తగ్గించి, "ఉపేంద్రా, గీ మూల జర పట్టుకో. గమ్ ఆరేదాక."

ఉపేంద్ర పట్టుకున్నాడు.