పెద్దసుబ్బమ్మ మింగనన్న మాత్ర

"ఎవరప్పా మాత్ర ఆపమని చెప్పింది?"

ప్రొద్దుటూరు ఆస్పత్రి వరండాలో ఒక అమ్మాయి గద్దించి అడిగింది. తిరుపాల్ తల దించుకున్నాడు. "నేనే మేడం," అన్నాడు.

పెద్దముడియం దగ్గర తిరుపాల్ వాళ్లకు నూట ఇరవై గొర్రెలు. జబ్బుపడిన గొర్రె లేచి మేత మేసిందంటే మందు ఆపేయడం వాళ్లకు తాతల నాటి అలవాటు. తల్లి పెద్దసుబ్బమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై ఆరు నెలలైంది. ఆమె చక్కగా లేచి, కడుపునిండా సంగటి తిని, మంద వెంట నడుస్తోంది. ఇంకేం! ఐదేళ్లు వేసుకోవాల్సిన మాత్రను నెల కిందటే ఆపించేశాడు ఈ మహానుభావుడు.

"మీయమ్మ గొర్రెనా?"

"కాదు మేడం."

పెద్దసుబ్బమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ అమ్మాయి పేరు అనురాధ. పులివెందుల పక్కన లింగాల. జన్యువులను నడిపించే ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తూ, రోగుల వివరాల కోసం ఇక్కడికి వస్తుంటుంది.

"మా ఇంట్లోనూ గొర్రెలుండాయి. నీ తిక్క నాకు తెలుసులే," అంటూ కాగితం మీద గుండ్రంగా గీసింది. "ఇది కణం. లోపల జన్యువులుంటాయి. ఏది పనిచేయాల, ఏది ఊరకుండాల అని చెప్పే ప్రోటీన్లు కొన్నుంటాయి. మీయమ్మ జబ్బులో అట్లాంటిదే ఒకటి, హార్మోన్ వచ్చి తగులుకుంటే చాలు, 'పెరగండి' అని ఎగదోస్తాది. ఈ మాత్ర పోయి హార్మోన్ కూర్చునే చోట కూర్చుంటాది. దాని ఆటలు సాగవు. మాత్ర ఆపినావనుకో, యాడన్నా ఒక కణం మిగిలుంటే మళ్లా మొదలు!"

అమ్మను తన చేతులారా... తిరుపాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అనురాధ గొంతు మెత్తబడింది.

"డాక్టర్ని అడిగి ఈ పొద్దే మొదలుపెట్టు. మింగేది రోజూ నాకు వీడియో కాల్లో చూపించాల."

రోజూ సాయంత్రం ఏడింటికి కాల్. మాత్ర ఒక్క నిమిషం, మాటలు ఒక గంట. జమ్మలమడుగు సంతలో పొట్టేలు పొడిచిన సంగతి, లింగాలలో పడిన వాన, అన్నీ మాట్లాడేవాడు తిరుపాల్, అసలు మాట తప్ప.

ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు అనురాధ చెప్పింది. "నా ఆస్పత్రి పని అయిపోయిందమ్మా. నీకూ అలవాటైంది. రేపట్నుంచి చూపించే పనిలేదు."

తిరుపాల్ ముఖం వాడిపోయింది. పెద్దసుబ్బమ్మ కొడుకును ఎగాదిగా చూసి, మాత్రను గుప్పిట్లో బిగించింది.

"నేను మింగను. రేయ్, పాప రేపట్నుంచి రాదంట. మనసులో ఉండేది చెప్తావా, నన్ను చంపుకుంటావా?"

"అమ్మా!"

"చెప్పరా!"

"మేడం... అనురాధా... ఏడెప్పుడైతాదా అని పొద్దంతా చూస్తాండా. మాత్ర కోసం కాదు, నీ కోసం. నువ్వంటే నాకు శానా ఇష్టం. పెండ్లి చేసుకుంటావా?"

తిరుపాల్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది చెప్పేదానికి ఎనిమిది నెలలా?" అంది అనురాధ. బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఆదివారం మా నాయన ఇంట్లోనే ఉంటాడు, రండి. ముందు ఆ మాత్ర మింగు అత్తా, టైం దాటిపోతాంది!"

పెద్దసుబ్బమ్మ నీళ్లు కూడా అడక్కుండా మింగేసింది.