ఆరని బొమ్మ

మా బావమరిదికి చెత్తలో అర్థం కనిపిస్తుంది. అర్థం ఉన్నచోట మాత్రం చెత్తే కనిపిస్తుంది. పాత కాగితాలు చించి, నానబెట్టి, దంచి, మైదా జిగురు కలిపి బొమ్మలు చేస్తాడు. సిమెంటు సంచుల కాగితంతో ఎద్దు తల చేసి "శ్రమ" అని పేరు పెట్టాడు. చూడవచ్చినవాళ్ళు పంది బాగుందని మెచ్చుకుని వెళ్ళారు.

ఈసారి నేను పాఠాలు చెప్పే బడి మీద పడ్డాడు. "పాత జవాబు కాగితాలివ్వు బావా. 'చదువు' అని ఒక బొమ్మ చేస్తాను."

సామాన్ల గది తాళంచెవి వాడి చేతిలో పెట్టి, పీడ విరగడైందనుకున్నాను. ఏడాది నిండిన కట్టలే తీసుకొమ్మని చెప్పడం మరిచిపోయాను.

మా బడి ఊడ్చే ఆయమ్మకు ఒక్కతే కూతురు. నిరుడు పరీక్ష రాసిన వారానికే జ్వరంతో పోయింది. ఆ పిల్ల నోటుపుస్తకాలు వానకు పాడైపోయాయి. మిగిలిన చేతిరాత ఆ జవాబు కాగితం ఒక్కటే. కాగితాలు ఏడాదిపాటు బడిలోనే ఉంచాలన్నది నియమం, అది కాగానే ఇస్తానన్నాను. ఆయమ్మ రోజులు లెక్కపెట్టుకుని వచ్చి చెయ్యి చాపింది.

"చదవడం రాదయ్యా. ఊరికే దగ్గర పెట్టుకుంటా."

గదిలో చూస్తే ఆ కట్ట లేదు.

మధ్యాహ్నమే అయినా మబ్బు కమ్మేసింది. బావమరిది రేకుల షెడ్డులో పులిసిన జిగురు వాసన. మధ్యలో బొమ్మ. తల వంచుకుని రాస్తున్న ఆడపిల్ల.

"అన్నీ కలిపి దంచేశాను. ఇంకెక్కడి కాగితం?" అని నవ్వాడు. "తప్పినవాళ్ళ రాతకి ఇంత గౌరవం ఎవడిచ్చాడు చెప్పు?"

"నీ గౌరవం తగలెయ్య! ఎడమచేత్తో రాయిస్తున్నావేంట్రా?"

వాడి నవ్వు ఆగింది. "కలం కుడిచేతిలోనే పెట్టాను బావా..."

ఆయమ్మ కూతురిది ఎడమచేతి వాటం. ఆ సంగతి వాడికి తెలియదు.

"పదకొండు రోజులుగా ఫ్యాను పెట్టాను. ఆరి చావట్లేదు," అంటూ బొమ్మ వీపు మీద బొటనవేలు నొక్కాడు. వేలు లోపలికి దిగింది. ఎక్కడో నీటి చుక్క పడింది. ఇంకోటి... ఆ తర్వాత కాగితం మీద కలం గీరుతున్న చప్పుడు. నెమ్మదిగా. ఆగి ఆగి.

"బావా..." వాడి గొంతు గుసగుసైపోయింది. "వేలు... వదలట్లేదు."

నేను వాడి భుజం పట్టి లాగాను. వేలు బయటికి వచ్చింది. దానికి అంటుకుని ఒక కాగితం కూడా వచ్చింది. ముక్క కాదు. దంచిన ముద్దలోంచి నిండు జవాబు కాగితం. తడిగా. చల్లగా. ఎడమకు వాలిన అక్షరాలు.

పైన నా ఎర్రసిరా మార్కులుండాలి. లేవు. చివరి జవాబు కింద ఒక వాక్యం ఎక్కువుంది.

"ఈసారి చదివి మార్కులు వేయండి మాస్టారూ."

నలభై కాగితాలు ఒక్క పూటలో దిద్దినవాణ్ణి నేను. మొదటి పేజీ చూసి మార్కు వేయడం అనుభవమని చెప్పుకునేవాణ్ణి. బావమరిది పనిని చూసి నవ్వడానికి మాత్రం నాకు తీరిక ఉండేది.

కిటికీ దగ్గర కూర్చుని మొత్తం చదివాను. అప్పుడు పన్నెండు వేసిన చోట ఇప్పుడు అరవై ఒకటి వేయాల్సి వచ్చింది. సాయంత్రం ఆయమ్మకు ఇచ్చాను. చెంపకు ఆనించుకుంది.

"ఇంకా తడిగా ఉందేంటయ్యా?"



బావమరిది బొటనవేలి మీద ఇప్పుడు వేలిముద్ర గీతలు లేవు. తెల్లకాగితంలా నున్నగా ఉంది. బొమ్మను షెడ్డులోనే పెట్టి తాళం వేశాడు.

ఈ ఉదయం తరగతి గది తెరిచేసరికి నా బల్ల మీద మరో తడి కాగితం ఉంది. అదే కట్టలోది. కింద అదే వాక్యం. రాత మాత్రం ముందు బెంచీలో కూర్చునే పిల్లది. నిన్న నవ్వుతూ పాఠం అప్పజెప్పింది. ఎంత వానొచ్చినా గంట కొట్టకముందే వస్తుంది.

గంట కొట్టి చాలాసేపైంది. ఇంకా రాలేదు...