మురుగుకాలువ పరీక్ష

డిటెక్టివ్ కుర్చీ చూపించినా కుట్టుపని చేసుకునే ఆవిడ కూర్చోలేదు. "బాబూ, రేపు నన్ను అరెస్టు చేస్తారట. మా వీధి కాలువ డబ్బు నేనే తిన్నానంటున్నారు," అంది.

వీధి బాగు కోసం ప్రభుత్వం నిధులిచ్చింది. కంట్రాక్టరు భూమిలోపల మురుగుకాలువ కట్టాడు. వీధివాళ్ళ సంఘం పెద్దగా ఈవిడ సంతకం పెడితేనే అతనికి డబ్బు అందేది. పెట్టింది. మొదటి వానకే ఇళ్ళు మునిగాయి. ఈవిడకు వాటా ఇచ్చానని చెప్పి కంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు.

"చూడకుండానే పెట్టారా?" డిటెక్టివ్ అడిగాడు.

"పరీక్ష చేశాకే బాబూ. పని ముగిసిన రోజే ఎగువన ట్యాంకరుతో నీళ్ళు పోశారు. నేను దిగువన, మా తమ్ముడి ఇంటి పక్కన నిలబడ్డాను. కాసేపటికి ధారగా వచ్చాయి. సిమెంటు దుమ్ము పట్టిన కాళ్ళు ఆ నీళ్ళతోనే కడుక్కున్నాను."

పాపం ఈవిడ పని అయిపోయిందనుకున్నాడు పక్కనే ఉన్న ఆయన సహాయకుడు. డిటెక్టివ్ మాత్రం గొడుగందుకుని లేచాడు. ఈయన బుర్ర ఎప్పుడు ఎటు పరుగెడుతుందో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి.

వీధిలో ఆయన కాలువ వెంట నడిచాడు. దిగువన కాలువను ఆనుకున్న ఇంటి గోడకు కొత్తగా పూసిన సిమెంటును గోటితో గీసి చూశాడు. తర్వాత తనిఖీ అధికారినీ, కంట్రాక్టరునీ, పోలీసులనీ, ఇళ్ళవాళ్ళనీ పిలిపించి నడివీధిలో కాలువ మూత ఎత్తించాడు. కింద గట్టి మట్టి ఉంది.

"రెండు కొసలే కట్టారు. మధ్యలో మట్టిమీద మూతలు పరిచారు," అన్నాడు.

"మరి ఆవేళ నీళ్ళెలా వచ్చాయండి?" అన్నాడు అధికారి.

"ఎగువన పోసినవి మట్టిలో ఇంకిపోయాయి. కొత్త కాలువలోంచి వచ్చే మొదటి నీళ్ళు ఇసుకా సిమెంటూ కలిసి బురదగా ఉంటాయి, కాళ్ళు కడుక్కోవడానికి పనికిరావు. ఈవిడ కాళ్ళు కడుక్కుంది కుళాయి నీళ్ళతో. గోడకు బెజ్జం చేసి, అవతల ఇంట్లోంచి కాలువలోకి గొట్టం పెట్టారు. తర్వాత బెజ్జం పూడ్చేశారు."

అందరి చూపులూ ఆ గోడ యజమాని వైపు తిరిగాయి.

"కంట్రాక్టరు నన్ను పనిలో పెట్టుకుంటానన్నాడక్కా," తమ్ముడు గొణిగాడు. "నీ మీదికొస్తుందనుకోలేదు."

ఆవిడ నిలువునా నీరైపోయింది. పోలీసు తమ్ముడి రెక్క పట్టుకోగానే వచ్చి డిటెక్టివ్ చేతులు పట్టుకుంది. "వాణ్ణి వదిలెయ్యమనండి బాబూ. డబ్బు నేనే తిన్నానని చెప్తాను. అమ్మ పోయాక వాణ్ణి నా చేతులతో పెంచాను."

తన గురువు మాటకోసం తడుముకోవడం సహాయకుడు అంతకుముందెన్నడూ చూడలేదు.

"చెప్పేసిన నిజాన్ని వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదమ్మా," అన్నాడాయన చివరికి.

ఆవిడ చేతులు వదిలేసింది. చెప్పులైనా తొడుక్కోకుండా తమ్ముడి వెనకే బురదలో నడిచింది.